నీటిలో మైక్రోప్లాస్టిక్‌ను లేజరు సెన్సరుతో గుర్తించవచ్చా?

నీటి గొట్టానికి ఒక పక్క చిన్న లేజరు, మరో పక్క ఫోటోడయోడ్ (పడిన వెలుగును విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) బిగించి, ప్రవహించే నీటిలో లీటరుకు ఎన్ని మైక్రోప్లాస్టిక్ రేణువులు ఉన్నాయో అప్పటికప్పుడు తెర మీద చూపించే పరికరం చేయాలనుకుంటున్నానని, అది సాధ్యమేనా, ఏ సెన్సరు తీసుకోవాలని మీరు అడిగారు. చదువులో భాగంగా చేస్తున్న ప్రాజెక్టు అని, చేతిలో ఒక టర్బిడిటీ సెన్సరు (నీటి మురికిని కొలిచేది) ఉందని కూడా రాశారు.

మీరు అనుకున్న రూపంలో సాధ్యం కాదు. లేజరు, ఫోటోడయోడ్ కలిసి నీటిలో రేణువు ఉందని చెప్పగలవు. ఆ రేణువు ప్లాస్టిక్ అని చెప్పలేవు. అలాగని ప్రాజెక్టును వదులుకోనక్కర్లేదు. నీటిని ముందు వడకట్టి, ఫిల్టరు మీద మిగిలిన రేణువులకు ప్రతిదీప్తి రంగు (ఒక రంగు కాంతి పడితే మరో రంగులో వెలిగేది) పట్టించి, నీలి కాంతిలో కెమెరాతో చూసే పద్ధతికి మారండి. సుమారు 50 మైక్రాన్లకు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పైబడిన రేణువుల్లో ప్లాస్టిక్ అయ్యే అవకాశం ఉన్నవాటిని లెక్కించే మంచి పరికరం మీ స్థాయిలోనే తయారవుతుంది. అవి నిజంగా ప్లాస్టికేనని తేల్చడానికి మాత్రం కొన్నింటినైనా రామన్ లేదా పరారుణ వర్ణపట పరీక్షకు (కాంతితో పదార్థాన్ని గుర్తించే పరీక్షలు) పంపాలి.

నేను పనిచేసే ప్రయోగశాలలో నీటి నమూనాలను వడకట్టి, రామన్ సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్క రేణువును పరీక్షిస్తాం. ఇలాంటి ప్రశ్నలు మా దగ్గరికి తరచూ వస్తాయి కాబట్టి కారణాలు కూడా వివరంగా రాస్తున్నాను.

ముందు భౌతికశాస్త్రం చూద్దాం. రేణువు కాంతిని ఎంతగా చెదరగొడుతుందన్నది దాని పరిమాణం మీద, దాని వక్రీభవన గుణకానికీ (కాంతిని ఎంతగా వంచుతుందో చెప్పే అంకె) నీటి వక్రీభవన గుణకానికీ ఉన్న తేడా మీద ఆధారపడుతుంది. నీటిది 1.33. పాలిథిలీన్‌ది 1.51 దగ్గర, పాలిస్టైరీన్‌ది 1.59 దగ్గర ఉంటాయి. ఇసుకలో ఉండే క్వార్ట్జ్‌ది 1.54. అంటే ఇసుక రేణువు సరిగ్గా రెండు ప్లాస్టిక్‌ల నడుమ కూర్చుంది. ఒకే పరిమాణంలో ఉన్న ఇసుక, ప్లాస్టిక్ రేణువులు లేజరు కిరణాన్ని దాటినప్పుడు ఫోటోడయోడ్ మీద పడే మెరుపులో, వాటిని వేరు చేసి చూపేంత తేడా ఉండదు. సెన్సరు ఎంత ఖరీదైనదైనా ఇది మారదు, ఎందుకంటే లోపం సెన్సరులో లేదు. మనకు కావలసిన సమాచారమే ఆ కాంతిలో లేదు.

టర్బిడిటీ సెన్సరు సంగతి ఇంకా కష్టం. అది రేణువులను విడివిడిగా చూడదు, మొత్తం చెదిరిన వెలుగును కలిపి ఒక్క అంకెగా చెబుతుంది. ఐఎస్ఓ 7027 ప్రమాణం ప్రకారం 860 నానోమీటర్ల పరారుణ కాంతిని నీటిలోకి పంపి, 90 డిగ్రీల కోణంలో చెదిరిన వెలుగును కొలుస్తారు. మురికిని కొలవడానికి అది చక్కని పద్ధతి. కానీ ఈ లెక్క చూడండి. 10 మైక్రాన్ల వ్యాసమున్న పాలిస్టైరీన్ గోళం బరువు సుమారు 0.55 నానోగ్రాములు. లీటరు నీటిలో అలాంటివి వెయ్యి ఉన్నా మొత్తం బరువు అర మైక్రోగ్రాము దాటి కాస్త ఉంటుందంతే. ఒక మిల్లీగ్రాము కావాలంటే దాదాపు 18 లక్షల గోళాలు కావాలి. కంటికి తేటగా కనిపించే నీటిలో కూడా మట్టి, తుప్పు, సున్నపు రేణువులు కలిసి ఆ అర మైక్రోగ్రాముకు ఎన్నో రెట్లు ఉంటాయి. మీ సెన్సరు అంకె పెరిగిందంటే ప్లాస్టిక్ పెరిగిందని చెప్పడానికి ఏ ఆధారమూ ఉండదు.

చాలామంది పట్టించుకోని ఇంకో విషయం ఉంది. నన్నడిగితే అసలు చిక్కు ఇదే: ఎంత నీటిని చూశారు? శుభ్రమైన నీటిలో 50 మైక్రాన్లకు పైబడిన ప్లాస్టిక్ రేణువులు లీటరుకు పది ఉన్నాయనుకుందాం. మీ గొట్టంలో లేజరు కిరణం సన్నగా ఉంటుంది కాబట్టి నీటిని కూడా సన్నని ధారగా, నిమిషానికి ఒక మిల్లీలీటరు చొప్పున పంపాలి. అప్పుడు లీటరు నీరు కదలడానికి వెయ్యి నిమిషాలు, అంటే 16 గంటలకు పైగా పడుతుంది. అంతసేపట్లో మీకు దొరికేవి పది రేణువులు. యాదృచ్ఛికంగా వచ్చేవాటిని లెక్కించేటప్పుడు అనిశ్చితి ఆ సంఖ్య వర్గమూలం అంత ఉంటుంది. నాలుగు దొరికితే రెండు అటూ ఇటూ, నూరు దొరికితే పది అటూ ఇటూ. కాబట్టి పది శాతం కచ్చితత్వం కావాలంటే నూరు రేణువులు కావాలి, దానికి పది లీటర్లు చూడాలి. తెర మీద అప్పటికప్పుడు మారే అంకె చూడటానికి బాగుంటుంది కానీ, ఇంత తక్కువ గాఢతలో ఆ అంకెకు అర్థం ఉండదు. అందుకే ఐరోపా సంఘం 2024లో తాగునీటి మైక్రోప్లాస్టిక్ కొలతకు నిర్దేశించిన పద్ధతి కనీసం 1000 లీటర్లను వడకట్టమంటుంది. చూసే పరిమాణం 20 మైక్రాన్ల నుంచి 5 మిల్లీమీటర్ల వరకు.

ముందు వడకట్టమని నేను గట్టిగా చెప్పడానికి కారణం అదే. వడపోత వల్ల లీటర్ల కొద్దీ నీటిలోని రేణువులు రూపాయి బిళ్లంత ఫిల్టరు మీదికి చేరతాయి. ఆ తర్వాత సెన్సరు పని ఎంతో తేలికవుతుంది.

ప్రవహించే నీటిలో కొలిచేవారిని వేధించేది ప్లాస్టిక్ కంటే ముందు గాలి బుడగ. ఒక శుద్ధి యంత్రం తర్వాత బిగించిన లేజరు కౌంటరు, పంపు ఆన్ చేసిన ప్రతిసారీ వేలల్లో రేణువులు చూపిస్తోందని, ఫిల్టరు నుంచే ప్లాస్టిక్ రాలుతోందేమోనని మాకు ఒక నమూనా వచ్చింది. అదే నీటిని వడకట్టి చూస్తే ఫిల్టరు దాదాపు ఖాళీగా ఉంది. పీడనం తగ్గగానే నీటిలో కరిగి ఉన్న గాలి సన్నని బుడగలుగా బయటికి వస్తోంది, కౌంటరు వాటినే లెక్కపెడుతోంది. బుడగ వక్రీభవన గుణకం 1.00, నీటితో తేడా చాలా ఎక్కువ, కాబట్టి అది ప్లాస్టిక్ కంటే ప్రకాశవంతంగా మెరుస్తుంది. మీరు ప్రవాహ పద్ధతితోనే ఏదైనా చేయాలనుకుంటే లేజరు కొలిచే చోటు తర్వాత ఉన్న వాల్వును కాస్త బిగించి పీడనం నిలపండి. నీటిని కింది నుంచి పైకి నడపండి.

నీటిని సీసాలో నిలవ ఉంచి పైపైన తీసుకుని పరీక్షించడం మరో పొరపాటు. నీటి సాంద్రత 1 అయితే పీఈటీ (నీటి సీసాలు చేసే ప్లాస్టిక్) సాంద్రత 1.38 దగ్గర ఉంటుంది. 100 మైక్రాన్ల పీఈటీ రేణువు నిశ్చలమైన నీటిలో సెకనుకు సుమారు రెండు మిల్లీమీటర్లు దిగిపోతుంది, అంటే కొద్ది నిమిషాల్లోనే సీసా అడుగున ఉంటుంది. పాలిథిలీన్, పాలిప్రొపిలీన్ నీటికంటే తేలిక కాబట్టి పైకి చేరి గాజు గోడకు అంటుకుంటాయి. సీసాలోని మొత్తం నీటినీ వడకట్టాలి. ఆ తర్వాత వడకట్టిన శుభ్రమైన నీటితో సీసా లోపలి గోడలను కడిగి, ఆ కడిగిన నీటిని కూడా అదే ఫిల్టరు మీద పోయాలి. ఈ కడుగుడు మానేస్తే రేణువులు గణనీయంగా తగ్గి కనిపిస్తాయి.

ఇక మీరు చేయగలిగిన పరికరం గురించి.

నైల్ రెడ్ అనే రంగు నీటిలో దాదాపు వెలగదు, నూనె స్వభావం ఉన్న ఉపరితలానికి అంటుకున్నప్పుడు మాత్రం ప్రకాశిస్తుంది. పాలిథిలీన్, పాలిప్రొపిలీన్, పాలిస్టైరీన్ అలాంటి ఉపరితలాలే. గాజు నార ఫిల్టరు మీద రేణువులను పట్టి, పలుచని నైల్ రెడ్ ద్రావణం వేసి, కాసేపు చీకట్లో ఉంచి, శుభ్రమైన నీటితో కడగండి. 450 నుంచి 480 నానోమీటర్ల మధ్య వెలిగే నీలి ఎల్‌ఈడీలను ఏటవాలుగా అమర్చండి. కెమెరా ముందు నారింజ రంగు ఫిల్టరు పెడితే నీలి కాంతి ఆగిపోయి, రేణువు నుంచి వచ్చే పసుపు, నారింజ వెలుగు మాత్రమే లోపలికి వస్తుంది. చీకటి పెట్టెలో తీసిన ఆ ఫొటోలో నల్లని నేపథ్యం మీద వెలిగే చుక్కలను లెక్కించే ప్రోగ్రాము రాయడం మీకు కష్టం కాదు.

ఈ అమరికలో ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది నారింజ ఫిల్టరు మీద. అది నాసిరకంగా ఉంటే నీలి కాంతి కొంత లీకై ఫొటో అంతా మసకగా వెలుగుతుంది, చిన్న రేణువులు అందులో మునిగిపోతాయి. ఇంకొక మాట: ఎసిటోన్‌లో కరిగించిన నైల్ రెడ్‌ను గాఢంగా నేరుగా పోయకండి. ఎసిటోన్ పాలిస్టైరీన్‌ను మెత్తబరచి ఆకారం చెడగొడుతుంది.

నైల్ రెడ్‌కు తనవైన పరిమితులు ఉన్నాయి, వాటిని మీ నివేదికలో దాచకండి. నాచు కణాల్లోని కొవ్వు, చర్మం నుంచి రాలిన నూనె, కొన్ని సహజ మైనాలు కూడా దానితో వెలుగుతాయి. అందుకే రంగు వేసే ముందు 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో సేంద్రియ పదార్థాన్ని కరిగిస్తాం. ఉష్ణోగ్రత 60 డిగ్రీలు దాటనివ్వకండి. వేడి ఎక్కువైతే కొన్ని ప్లాస్టిక్‌లే దెబ్బతింటాయి. ఆ గాఢతలో పెరాక్సైడ్ చర్మాన్ని కాల్చేస్తుంది, కాబట్టి కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా, పెద్దల పర్యవేక్షణ లేకుండా ముట్టుకోవద్దు. మరోవైపు పీఈటీ, పీవీసీ, నైలాన్ మసకగా వెలుగుతాయి. టైరు అరుగుదల నుంచి వచ్చే నల్లని రబ్బరు రేణువులైతే కాంతిని మింగేసి దాదాపు కనిపించవు. అంటే ఈ పద్ధతి కొన్నింటిని ఎక్కువగా, కొన్నింటిని తక్కువగా లెక్కిస్తుంది.

నాచును విడదీయడానికి ఒక సులువైన ఉపాయం ఉంది. రంగు వేయకముందే అదే నీలి కాంతిలో ఫిల్టరును ఒకసారి ఫొటో తీయండి, ఈసారి నారింజకు బదులు ముదురు ఎరుపు ఫిల్టరుతో. పచ్చగా ఉన్న నాచులోని క్లోరోఫిల్ 685 నానోమీటర్ల దగ్గర ఎర్రగా వెలుగుతుంది. ఆ చుక్కలు ఎక్కడున్నాయో ముందే గుర్తుపెట్టుకుంటే రంగు వేశాక వాటిని లెక్కలోంచి తీసేయవచ్చు. అయితే ఈ ఫొటో పెరాక్సైడ్ వేయకముందు తీయాలి, తర్వాత క్లోరోఫిల్ మిగలదు.

ఇక నిర్ధారణ. ప్లాస్టిక్ అని తేల్చాలంటే అణువుల కంపనాలను చదవాలి. దానికి ప్రధానంగా రెండు దారులున్నాయి. ఎఫ్‌టీఐఆర్ పద్ధతిలో పరారుణ కాంతిని రేణువు ఏ తరంగదైర్ఘ్యాల దగ్గర మింగుతుందో చూస్తారు. అది నమ్మకమైనది, వేగమైనది. కానీ నీరే పరారుణాన్ని విపరీతంగా మింగేస్తుంది కాబట్టి రేణువు పొడిగా ఉండాలి. తరంగదైర్ఘ్యం పెద్దది కావడంతో 10 నుంచి 20 మైక్రాన్ల కంటే చిన్నవాటిని చూడటం కష్టం.

రెండోది సి.వి. రామన్ 1928లో కనుగొన్న ప్రభావం మీద నడిచేది. లేజరు కాంతి రేణువును తాకినప్పుడు అత్యధిక భాగం అదే రంగులో చెదురుతుంది. కోటి ఫోటాన్లలో ఒకటి మాత్రమే అణువు కంపనానికి కొంత శక్తి ఇచ్చో, తీసుకునో రంగు మార్చుకుని వస్తుంది. ఆ మార్పే పదార్థం వేలిముద్ర. పాలిస్టైరీన్‌కు తరంగ సంఖ్య (రంగు ఎంత మారిందో సెంటీమీటరుకు తరంగాల్లో చెప్పే కొలత) 1001 దగ్గర, బెంజీన్ వలయం ఒక్కసారిగా వ్యాకోచించి సంకోచించే కంపనం వల్ల, సూదిలాంటి శిఖరం వస్తుంది. పాలిథిలీన్‌కు 1062, 1128, 1295, 1440 దగ్గర శిఖరాలు వస్తాయి. పీఈటీకి 1615, 1725 దగ్గర జంట శిఖరాలుంటాయి. నీటి రామన్ సంకేతం బలహీనం కాబట్టి తడి నమూనాలో కూడా చదవవచ్చు, ఒక మైక్రాను రేణువు వరకు దిగవచ్చు. మీ ఆలోచనకు శాస్త్రపరంగా దగ్గరగా ఉన్న సెన్సరు ఇదే.

మరి దీన్నే గొట్టానికి ఎందుకు బిగించకూడదు? కోటిలో ఒక ఫోటాను అన్న మాటలోనే జవాబుంది. నమ్మదగిన వర్ణపటం రావాలంటే సాధారణ పరికరంలో ఒక్కో రేణువు మీద కొన్ని సెకన్ల నుంచి నిమిషం దాకా లేజరును నిలపాలి. ప్రవాహంలో రేణువు కిరణాన్ని మిల్లీసెకన్లలో దాటిపోతుంది. పరిశోధనశాలల్లో రేణువును కాంతితోనే బంధించి నిలిపి చదివే పద్ధతులున్నాయి, కానీ అవి ఒక విద్యార్థి ప్రాజెక్టులో ఒదిగేవి కావు.

పైగా సహజ జలాల్లోని హ్యూమిక్ పదార్థాలు (కుళ్లిన ఆకులు, మట్టి నుంచి వచ్చేవి), అద్దకపు రంగులు ప్రతిదీప్తితో రామన్ శిఖరాలను ముంచేస్తాయి. దాన్ని తప్పించుకోవడానికి 532 నానోమీటర్ల పచ్చ లేజరు బదులు 785 నానోమీటర్లది వాడితే, రామన్ సంకేతం దాదాపు అయిదో వంతుకు పడిపోతుంది. మా దగ్గర ఎక్కువగా ఎదురయ్యే నీలి నారల సంగతి చెబుతాను. సూక్ష్మదర్శినిలో ముదురు నీలంగా, అంచులు నునుపుగా, మధ్యలో ఒక మెలికతో కనిపిస్తుంది. వర్ణపటం తీస్తే రాగి థాలోసయనిన్ అనే నీలి వర్ణకం శిఖరాలు మాత్రమే వస్తాయి, దాని కింద ఉన్నది పాలిఎస్టరో పత్తో కనిపించదు. అలాంటప్పుడు లేజరు శక్తి తగ్గించి, రంగు వెలిసిన చోటు వెదికి మళ్లీ చదువుతాం. అప్పటికీ తేలకపోతే 'వర్ణకం, పాలిమర్ తెలియలేదు' అని రాస్తాం. ఊహించి రాయం.

హోలోగ్రఫీ గురించి కూడా మీరు వినే ఉంటారు. లేజరు కాంతి, రేణువు చెదరగొట్టిన కాంతి కలిసి కెమెరా మీద వలయాల నమూనా ఏర్పరుస్తాయి. దాన్నుంచి కంప్యూటర్ రేణువు ఆకారాన్ని తిరిగి గీస్తుంది. లెన్సు లేకుండానే ఎక్కువ లోతు నీటిని ఒకేసారి చూడవచ్చు. డయాటమ్ (గట్టి గుల్ల ఉన్న సూక్ష్మమైన నాచు) గుల్ల, నార, తునక వంటి ఆకారాలను విడదీయడంలో ఇది బలమైనది. దానికి ధ్రువణ ఫిల్టర్లు (ఒకే దిశలో కంపించే కాంతిని మాత్రమే వదిలేవి) జోడిస్తే సాగదీసి తయారుచేసిన పాలిఎస్టర్, నైలాన్ నారలు ప్రకాశంగా కనిపిస్తాయి. కానీ క్వార్ట్జ్, కాల్‌సైట్ కూడా అలాగే ప్రకాశిస్తాయి. ఆకారాన్ని బట్టి ప్లాస్టిక్ అని యంత్రానికి నేర్పించినవారు తమ శిక్షణ నమూనాల్లో ఖనిజ రేణువులు ఎన్ని పెట్టారో మొదట అడగండి. ప్రయోగశాలలో కొన్న గుండ్రని పాలిస్టైరీన్ పూసలతో మాత్రమే శిక్షణ ఇచ్చి ఉంటే, చెరువు నీటి ముందు ఆ ఫలితాలు నిలవవు. వాతావరణంలోని ప్లాస్టిక్‌లో ఎక్కువ భాగం వంకర తునకలు, నారలు.

ప్లాస్మోనిక్ సెన్సర్లు (లోహపు ఉపరితలం మీద కాంతి ప్రభావాన్ని వాడేవి), బంగారు ఉపరితలాలు వాడే రామన్ పద్ధతులు నానోప్లాస్టిక్ (ఒక మైక్రాను కంటే చిన్న రేణువులు) కోసం. ఒక మైక్రాను కంటే బాగా కిందికి వెళ్లాక చెదిరే వెలుగు వ్యాసం ఆరో ఘాతంతో పడిపోతుంది, పరిమాణం సగమైతే వెలుగు 64వ వంతు అవుతుంది. ఇప్పటికి వాటి జోలికి వెళ్లకండి.

పద్ధతి ఏదైనా సరే, ఖాళీ పరీక్ష లేని ఫలితాన్ని నేను నమ్మను. వడకట్టిన శుభ్రమైన నీటిని మీ నమూనాలాగే అదే సీసాలో పోసి, అదే ఫిల్టరుతో, అదే బల్ల మీద, అన్ని దశలూ నడిపి లెక్కించండి. సున్నా రాదు. గాలిలో బట్టల నారలు ఎప్పుడూ తేలుతుంటాయి. గాజు పాత్రలు వాడండి, మూతలు పెట్టండి, పత్తి కోటు వేసుకోండి, రసాయనాలను కూడా ముందే వడకట్టండి. చేతి తొడుగుల విషయంలో ఒక జాగ్రత్త: వాటి తయారీలో వాడే స్టియరేట్లు (సబ్బులాంటి లవణాలు) నీటిలోకి దిగితే, వాటి పొడవైన కార్బన్ గొలుసుల వల్ల వర్ణపటం పాలిథిలీన్‌ను పోలి ఉంటుంది. మాకు వచ్చిన ఒక నమూనాల వరసలో పాలిథిలీన్ అనుమానాస్పదంగా ఎక్కువ ఉంటే, ఆ తొడుగులనే శుభ్రమైన నీటిలో ముంచి ఆ నీటిని వడకట్టి చూశాం. అవే పొరలు పొరలుగా ఉన్న రేణువులు, అవే శిఖరాలు. పెరాక్సైడ్ ముట్టుకునేటప్పుడు తొడుగులు తప్పవు. ఫిల్టరును మాత్రం చేత్తో తాకకుండా లోహపు పటకారుతో పట్టుకోండి.

ఖాళీ పరీక్షతో పాటు తిరిగి రాబట్టే పరీక్ష కూడా చేయండి. తెలిసిన సంఖ్యలో ప్లాస్టిక్ తునకలను నీటిలో కలిపి, చివరికి మీ పరికరం ఎన్నింటిని చూపిందో చూడాలి. గుండ్రని పూసలతో ఒకసారి, మీరే ఆకురాయితో అరగదీసి జల్లించిన పాలిథిలీన్, పీఈటీ తునకలతో మరోసారి చేయండి. రెండో అంకె తక్కువగా వస్తుంది. మీ పరికరం నిజమైన సామర్థ్యం అదే. దానితో పాటు శుభ్రం చేసిన సన్నని ఇసుకను మాత్రమే కలిపిన నీటిని కూడా పెట్టండి. అక్కడ ఎన్ని చుక్కలు వెలిగాయో చెబితే మీ పరీక్షకులు అడగబోయే మొదటి ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉంటుంది.

ఫలితం రాసేటప్పుడు కింది పరిమాణ హద్దు లేకుండా 'లీటరుకు ఇన్ని' అని రాయకండి. 2018లో వెలువడిన సీసా నీటి అధ్యయనంలో 100 మైక్రాన్లకు పైబడినవి లీటరుకు సగటున 10.4 వచ్చాయి. 6.5 మైక్రాన్ల దాకా దిగి, నైల్ రెడ్‌తో వెలిగిన చిన్నవాటిని కూడా కలిపితే అది 325 అయింది. 2024లో కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు మెరుగుపరచిన రామన్ పద్ధతితో నానో స్థాయికి దిగితే సగటు లీటరుకు సుమారు 2.4 లక్షలు, అందులో దాదాపు 90 శాతం నానోప్లాస్టిక్. ఈ అంకెలను పక్కపక్కన పెట్టి ఆరేళ్లలో కాలుష్యం వందల రెట్లు పెరిగిందని రాసినవారిని చూశాను. అది చాలా తప్పు. ఇక్కడ ప్రధానంగా మారింది చూసే పరికరం, అది దిగగలిగిన హద్దు.

కాబట్టి మీ నివేదికలో వాక్యం ఇలా ఉండాలి: '50 మైక్రాన్లకు పైబడి, పెరాక్సైడ్ శుద్ధి తర్వాత నైల్ రెడ్‌తో వెలిగిన రేణువులు లీటరుకు ఇన్ని, ఖాళీ పరీక్షలో ఇన్ని, వాటిలో ఇన్నింటిని వర్ణపటంతో పరీక్షిస్తే ఇన్ని ప్లాస్టిక్‌గా తేలాయి.' రామన్ పరికరం ఉన్న ఏ విశ్వవిద్యాలయ రసాయనశాస్త్ర విభాగాన్నైనా ముందే అడిగి, ముప్పై నలభై రేణువుల పరీక్షకు సమయం తీసుకోండి. అక్కడికి గాజు నార ఫిల్టరును నేరుగా తీసుకెళ్లకండి, గాజు వెలుగు అడ్డొస్తుంది. నైల్ రెడ్ పట్టిన రేణువు కూడా రామన్‌లో ఇబ్బంది పెడుతుంది. అందువల్ల అదే నీటిని రెండు భాగాలు చేసి, రంగు వేయని భాగాన్ని సిలికాన్ ఫిల్టరు మీద పట్టి తీసుకెళ్లడం మేలు.

మీరు పరీక్షించబోయేది కుళాయి నీరా, చెరువు నీరా, ఎన్ని లీటర్లు వడకట్టగలరు, మీ కెమెరాలో ఒక పిక్సెల్ ఎన్ని మైక్రాన్లకు సమానం అన్నవి రాయండి. ఫిల్టరు రంధ్రం ఎంత ఉండాలో, 50 మైక్రాన్ల హద్దు మీకు నిజంగా అందుతుందో లేదో వాటిని బట్టి చెబుతాను. ఒక రేణువు మీద కనీసం నాలుగైదు పిక్సెళ్లు అడ్డంగా పడకపోతే హద్దును 100 మైక్రాన్లకు పెంచుకోవాల్సి ఉంటుంది.